చున్నీ అంచున ముడి

మొన్న పొద్దున్న మా కోడలు ఉంగరం తీసి వాష్‌బేసిన్ పక్కన పెట్టి మరిచిపోయింది. మొహం కడుక్కోవడానికి వెళ్ళిన నేను దాన్ని తాకకుండా రెండడుగులు వెనక్కి వేసి, ఇల్లెగిరిపోయేలా ఆ పిల్లని కేకేశాను. పరుగున వచ్చి, తేలేమన్నా కనబడిందా అత్తయ్యా అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆ ఉంగరం తను వేలికి పెట్టుకునేదాకా అక్కణ్ణించి కదల్లేదు.

నాలాగే గల్ఫులో ఇళ్ళల్లో పనిచేసి వచ్చినవాళ్ళకి ఈ భయం గురించి వేరే చెప్పక్కర్లేదు. నేను సౌదీలో, అల్ ఖర్జ్‌లో నాలుగేళ్ళు చేశాను. పాల ఫారాల ఊరది; గాలి మళ్ళిందంటే పేడవాసన వచ్చేది, అది పీల్చినప్పుడల్లా మా కోనసీమ గుర్తొచ్చి, నవ్వకండి, హాయిగా ఉండేది. ఇంటావిడ చెడ్డది కాదు, అలాగని నన్ను మనిషి కింద లెక్కేసిందీ లేదు. నాకు చేరువైంది ఆమె అత్తగారు. చూపు మందగించిన ముసలావిడ, అలమారా తాళాలు ముసుగు అంచున ముడేసుకుని తిరిగేది.

ఒకరోజు ఇంటికి చుట్టాలొచ్చే హడావుడిలో గది ఊడుస్తుంటే మంచం కోడు దగ్గర ఇంటావిడ ఉంగరం కనబడింది. మా వైపు ఆడవాళ్ళం దొరికిన వస్తువుని ఏం చేస్తాం? కొంగున ముడేసుకుని, మనిషి కనబడగానే విప్పి ఇస్తాం. నేనూ చున్నీ అంచున ముడేశాను. ఇంతలో వంటింట్లోంచి పిలుపు, కాఫీలు, ఖర్జూరాలు, ఎంగిలి పళ్ళేలు. ఉంగరం సంగతే మరిచిపోయాను. సాయంత్రం ఇంటావిడ వెతుకులాట మొదలెట్టాక గుర్తొచ్చి, గబగబా ముడి విప్పబోతుంటే ఆవిడ కళ్ళు నా చేతిమీద పడ్డాయి.

ఆవిడ అరిచిన అరుపుల్లో హరామీ, అంటే దొంగ, అన్న మాటొక్కటే నాకు తెలిసింది. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది. అక్కడ దొంగతనానికి చెయ్యి తీసేస్తారని విన్న కబుర్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చి, కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని గోడకి అతుక్కుపోయాను. ఇంటాయన పిలిస్తే వాళ్ళ కారు నడిపే కడప కుర్రాడు లోపలికొచ్చి, "అక్కా, నువ్వేమీ మాట్లాడాకు. సారు పోలీసుకు ఫోన్ చేస్తాండాడు, నేను చెప్తా గదా" అన్నాడు. ఉన్న కాస్త ప్రాణం కూడా జారిపోయింది. ఇంటి దగ్గర మా చిన్నాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు; వాణ్ణి మళ్ళీ చూస్తానా అనుకున్నాను.

అప్పుడు ముసలావిడ గోడ పట్టుకుని వచ్చి, నా చున్నీ అంచు నలిగిన చోటు వేళ్ళతో తడిమి, తన తాళాల ముడి కొడుకు చేతిలో పెట్టి ఏదో గట్టిగా అంది. "దొంగయితే పరుపు కింద దాస్తాది గానీ, అందరి ముందరా ఒంటిమీద కట్టుకోని తిరుగుతాదా అంటాంది" అని డ్రైవరు నాకు చెప్పాడు. ఇంటాయన ఫోను పెట్టేశాడు. పనిలోంచి మాత్రం తీసేశాడు. అడగడాలూ లేవు, సంజాయిషీలూ లేవు. ఇంటావిడ వద్దంది, మర్నాడే ఫైనల్ ఎగ్జిట్ అని వీసా రద్దు చేసి ఇంటికి పంపేశారు. విమానం నేల వదిలేదాకా ఎవరో వెనకనుంచి పిలుస్తారనే భయపడుతూ కూర్చున్నాను.

ఇప్పుడక్కడ ఇళ్ళల్లో కెమెరాలు, పనివాళ్ళ చేతుల్లో ఫోన్లు ఉంటున్నాయట. మంచిదే. కానీ ఆ రోజే కెమెరా ఉంటే నేను ఉంగరం తియ్యడం, ముడెయ్యడం తేటగా కనబడి, నన్ను నేరుగా జైలుకి పంపేవారేమో. నా మనసులో ఏముందో ఆ చూపు ఆనని ముసలావిడకే తెలిసింది. ఈపాటికి ఉండి ఉండదు. వచ్చేసేటప్పుడు ఆమె చేతులు పట్టుకుందామంటే, దొంగని ఆ గదిలోకి పోనివ్వలేదు.