అక్కకు చెప్పిన మెత్తని పొర

నాందేడ్‌లో నేను భూగోళం చెప్తాను. పిల్లలు చాటుగా గందరగోళం సారు అంటారు. కాదనడానికి నా దగ్గర ఆధారాలు లేవు.

ఆ వేసవిలో కర్ఖేలి అవతల మా అక్క ఊళ్లో రెండుసార్లు భూమి లోపల ఉరిమింది. గిన్నెలు వాటంతటవే మోగాయి. వీధంతా మంచాలు బయటేసుకుంది. ఆదివారం నేను వెళ్లేసరికి అక్క గడప దాటి లోపలికి పోవడానికే జంకుతోంది.

“తమ్మీ, కిందేమున్నదిరా?”

అడిగితే ఆగే రకం కాదు నేను. మనం నిలబడ్డ రాతి పలక కింద, ఎక్కడో వంద కిలోమీటర్ల లోతున, దుర్బలావరణమని ఒక పొర ఉందన్నాను. అదీ రాయే, కానీ వేడికి బలం చెడిన రాయి. తడిపిన గోధుమపిండి ముద్ద కదిలినట్టే కనిపించదు, కాసేపటికి పళ్లెంలో చదునవుతుంది కదా, అలా పారుతుంది. దాని మీద మన పలక గోరు పెరిగినంత మెల్లగా జరుగుతుంది.

“సారువైతివి గని, పిండి సుత నాకే నేర్పవడ్తివి!” ఆ ఉరుము తర్వాత అక్క నవ్వడం అదే మొదలు. “గంత మెత్తగున్నదంటే పరుపే గదరా. ఇగ భయమేంది?”

మంచం లోపలేసుకుంది. పాఠం ఎక్కిందని మురుస్తూ నేను బస్సెక్కాను.

సగం దారిలో అక్క ఇంటి మిద్దె గుర్తొచ్చింది. మట్టి మిద్దె. కురవకుండా ఏటా వానలకు ముందు కొత్త మట్టి పోస్తారు, పాతది తీయరు. బావ తాత, తండ్రి, ఆఖరికి బావ. పోసినవాళ్లంతా పోయారు, టేకు దూలాల మీద మోకాలెత్తు మట్టి మిగిలింది. నేల కదిలితే మనిషిని చంపేది అదే. నేను కిందిదంతా చెప్పి, పైది మరిచాను. నాది పైపై చదువు కూడా కాదన్నమాట.

శనివారం మళ్లీ వెళ్లాను. వీధిలో ఒక్క మంచం లేదు. “కింద పరుపున్నదంట గద సారూ!” అని పక్కింటాయన పలకరించాడు. అక్క మిద్దె మీద పోయించిన ఈ ఏటి మట్టి తడితడిగా మెరుస్తోంది.

“బయట పండుకో అక్కా. మిద్దె బరువున్నది.”

“వారం కింద మెత్తగున్నదంటివి, గిప్పుడు బరువున్నదంటవ్. ఒక్క మాట మీద నిలవడవేందిరా?”

దూలాల సందులోంచి సన్నగా మట్టి రాలింది. అక్క కూరగిన్నె మీద మూత పెట్టి, వడ్డించడానికి కంచం తుడిచింది.

“అట్లయితే ఇయ్యాల నేను సుత లోపల్నే, నీ పక్కన్నే పండుకుంట.”

అక్క చెయ్యి ఆగింది. తలెత్తి దూలాల వంక చాలాసేపు చూసింది.

“నీకు మంచం బయటేస్త,” అన్నది.