నిఘంటువులో చిన్న అక్షరాలు

గల్ఫ్‌లోని మా బడిలో రష్యన్ చెప్పే సుకుమారి గారికి కాలు ఒకచోట నిలవదు. ఆ గురువారం మరీనూ. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో బస్సెక్కింది మొదలు అల్ వుకైర్‌లో దిగేదాకా, సంచిలో నిఘంటువులు ఉన్నాయో లేవో తడిమి చూసుకుంటూనే ఉన్నారు.

"అవెక్కడికీ పారిపోవు లెండి," అన్నాను పక్క సీట్లోంచి. నేను లెక్కల మాస్టారిని.

"మీకేమండీ! లెక్కలు ఎవరూ తీసెయ్యరు," అన్నారు విసుగ్గా.

నిజమే. రష్యన్ తరగతిలో మిగిలింది పదకొండు మంది. ఆ రోజు పాఠం చూడటానికి ఒక రష్యన్ పెద్దావిడ వస్తోంది. ఆవిడ సరేనంటేనే వచ్చే ఏడాది ఆ సబ్జెక్టు ఉంటుంది. కాదంటే సుకుమారి గారి ఉద్యోగమూ ఉండదు.

మచిలీపట్నంలో పుట్టి, హైదరాబాద్‌లో రష్యన్ చదువుకున్నారు. రష్యా గడప తొక్కలేదు. ఆవిడకు తెలిసిన రష్యా అంతా విద్యార్థుల కోసం వేసిన ఆ జాతీయాల నిఘంటువులోనే ఉంది. రోజుకో జాతీయం చదివించి, ఇంట్లో మాట్లాడే భాషలో దానికి సాటి మాట వెతికిస్తారు. 'చెవులకు సేమియా తగిలించడం' అంటే పిల్లలు పడీపడీ నవ్వారు. తెలుగు పిల్లలు, అది మన 'చెవిలో పువ్వు పెట్టడమే' అని తెలిశాక ఇక మరిచిపోలేదు.

ఒక్కటి మాత్రం వదిలేసేవారు. ఆ నిఘంటువులో కొన్ని జాతీయాల పక్కన, ఎవరితో అనవచ్చో ఎవరితో అనకూడదో చిన్న వాలు అక్షరాల్లో ఉంటుంది. 'అవి పరీక్షలో రావు' అని దాటించేవారు. ఆవిడ చదువుకునేటప్పుడు మాస్టార్లూ అలాగే చెప్పారట. ఈ 'పరీక్షలో రావు' అన్న మాట వింటే నాకు ఒళ్ళుమంట. నేనూ అంటాననుకోండి, అది వేరే సంగతి.

అతిథికి తోడుగా నన్ను వెనక బెంచీలో కూర్చోబెట్టారు. పాఠం బాగానే సాగింది. చివర్లో పెద్దావిడ లేచి, మా రష్యన్ పిల్లల్లాగే మాట్లాడుతున్నావని మనీషా అనే పిల్లని మెచ్చుకుంది. ఆ పిల్ల మురిసిపోయి, వచ్చిన విద్యంతా చూపించాలని రష్యన్‌లో చటుక్కున అనేసింది.

"చాల్లే, నా చెవులకు సేమియా తగిలించకు!"

తోటి పిల్లలతో అనే మాట, అమ్మమ్మ వయసు మనిషితో! రష్యన్ రాని నాకు పక్క బెంచీ పిల్లాడు అర్థం చెప్పాడు.

"ఈ మాట ఎక్కడ నేర్చుకుంది? ఫోన్‌లోనా?" అని పెద్దావిడ సుకుమారి గారిని ఇంగ్లీషులో అడిగింది.

అవునంటే సరిపోయేది. నేనైతే అనేసేవాణ్ణే. సుకుమారి గారు చేతిలోని నిఘంటువు ఎత్తి చూపించారు.

"నా దగ్గరే నేర్చుకుంది. పెద్దవాళ్ళతో అనకూడదని పుస్తకంలో ఉంది. నేనే చదివించలేదు," అన్నారు.

పెద్దావిడ కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. గంట కొట్టడానికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. నాకు ఏం చెయ్యాలో తోచక అక్కడే కూర్చున్నాను.

మనీషా కళ్ళనిండా నీళ్ళు. "నా వల్ల మిమ్మల్ని తీసేస్తరా మేడమ్?"

"తెలీదమ్మా." సుకుమారి గారు కుర్చీ లాక్కుని ఆ పిల్ల పక్కనే కూర్చున్నారు. బస్సు దిగాక ఆవిడ కూర్చోగా చూడటం అదే మొదలు. "నిఘంటువు తియ్యి. మొదటి పేజీ. చిన్న అక్షరాలు కూడా చదువు."