పరగడుపున తేలిన నీలం

ఆ రోజుల్లో నేను మనిషి మాట కంటే గాజుగొట్టం మీది గీతను ఎక్కువగా నమ్మేవాణ్ణి. నిజానికి ఇప్పటికీ చాలావరకు అంతే. కాకపోతే అప్పుడు ఆ నమ్మకానికి ఎల్ల అంటూ ఉండేది కాదు. 1963లో, నా ఇరవై ఏడో ఏట, హైదరాబాదులోని మా పెద్ద డాక్టరుగారు నన్ను కరీంనగరం పంపించారు. కడుపులో మంట అంటూ వచ్చే రోగుల జీర్ణాశయంలో ఆమ్లం ఎంత ఊరుతుందో, ఏ వేళకు ఎంత పెరుగుతుందో కొలిచి, పట్టికలు కట్టి, పదిహేను రోజులకొకసారి ఆయనకు పంపడం నా పని. ఒక దవాఖాన వెనుక, అంతకుముందు వంటచెరకు నిలవ చేసిన గదిని నాకు ప్రయోగశాలగా ఇచ్చారు. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక బ్యూరెట్టు, పద్దెనిమిది పరీక్షనాళికలు (బయలుదేరినప్పుడు ఇరవై, రెండు బస్సులోనే పగిలాయి), ఒక గోడగడియారం ఉండేవి. ఆ గడియారం రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడేది. ప్రతి ఉదయం దాన్ని సరిచేసి, సరిచేసినట్టు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. సెలవులకు మా ఊరు చెన్నూరు వెళితే ఆ పుస్తకం చూసి మా అవ్వ, "పుట్టిన దినం ఎన్నిసార్లు ఏడ్చినవో గది గూడ రాసి పెట్టుకున్నవా బిడ్డా?" అని అడిగేది. రాసి ఉంటే బాగుండేదని నాకు మనసులో అనిపించేది.

పరీక్ష చెప్పడానికి సులభమే, చేయించుకునేవాళ్లకే కష్టం. రోగి రాత్రి తొమ్మిది తర్వాత ఏమీ ముట్టకూడదు. పొద్దున్నే పరగడుపున వచ్చి సన్నని రబ్బరు గొట్టం మింగాలి. ముందుగా కడుపులో ఉన్న రసాన్ని తీసి పక్కన పెడతాను. తర్వాత ఒక గిన్నెడు పల్చటి బియ్యపు గంజి తాగిస్తాను. ఆపైన ప్రతి పావుగంటకు కొంత రసం తీసి ఆమ్లం కొలుస్తాను. గంజి కడుపు దాటి ఎప్పుడు కిందికి దిగిందో తెలియడానికి ప్రతి నాళికలోనూ ఒక చుక్క అయోడిన్ వేస్తాను. గంజి ఉంటే నీలం తేలుతుంది, లేకుంటే తేలదు. పరగడుపున తీసిన మొదటి నాళికలోనే నీలం తేలిందంటే రాత్రి తిన్న అన్నం ఇంకా కిందికి దిగలేదని, కడుపు కింది ద్వారం పుండు వల్ల మూసుకుపోయిందని అర్థం. అలాంటివాళ్లకు కోత తప్పదు. ఊళ్లో నన్ను 'గొట్టం డాక్టర్' అనేవారు. నా పేరు తెలిసినవాళ్లు ఐదుగురు ఉండి ఉంటారు.

వచ్చిన రెండో నెలలో దవాఖాన వెనుక గల్లీ నుంచి ఒక మగ్గం పెద్దయ్య వచ్చాడు. అరవై దాటిన మనిషి. ముందరి పండ్లు రెండు లేవు. మూడేళ్లుగా కడుపులో మంట. రాత్రి వార్డులోనే పడుకొమ్మంటే, "గల్లీల నాతోని పనుంటది సారూ, తెల్లారంగనే ఒస్త" అన్నాడు. మాట తప్పలేదు, సరిగ్గా ఆరూ నలభైకి గుమ్మంలో ఉన్నాడు. రాత్రి నుంచి ఏమైనా తిన్నావా అని అడిగాను.

"ఏం తినలే."

"నీళ్లు? చాయ?"

"చాయనా! చుక్క ముట్టలే సారూ. కొండగట్టు అంజన్న మీద ఒట్టు."

(ఈ ఒట్టును నేను రాసుకోలేదు. దానికి నా పట్టికలో గడి లేదు.)

ఇతర రోగులకు పది నిమిషాలు పట్టే గొట్టాన్ని పెద్దయ్య రెండు నిమిషాల్లో మింగేశాడు. మొదటి రసం తీసి పక్కన పెట్టి, గంజి గిన్నె చేతికిచ్చాను. గొట్టం నోట్లో ఉండగానే ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, నాలుకను అటూ ఇటూ తిప్పి, "పల్చగైంది సారూ. గిది పోగుకు పట్టది" అన్నాడు. మా కాంపౌండర్ సాబ్ నవ్వుతూ, "గిది నీ మగ్గానికి గాదు పెద్దయ్యా, నీ కడుపుకు" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ ఒక్క మాటను అప్పుడే రాసుకుని ఉంటే ఈ జ్ఞాపకం రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

మొదటి నాళికలో అయోడిన్ వేశాను. నీలం తేలింది. రెండు రోజుల తర్వాత మళ్లీ పిలిచాను. మళ్లీ నీలం. ఇంకో మూడు రోజులకు మళ్లీ చూశాను. ఈసారి ఇంకా చిక్కటి నీలం. మూడు ఉదయాలు, మూడు నాళికలు, మూడింటిలోనూ ఒకే సాక్ష్యం. ఆ జిల్లాలో నా చేతికి చిక్కిన మొట్టమొదటి మూసుకుపోయిన కడుపు అది. నిజం చెప్పాలంటే, ఒక ముసలి మనిషి కడుపు మూసుకుపోయిందని తేలిన పూట నేను ఈల వేస్తూ బసకు నడిచాను. అదే సాయంత్రం పెద్ద డాక్టరుగారికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. వారం తిరగకముందే జవాబు వచ్చింది: మంచం సిద్ధంగా ఉంది, గురువారం పంపించు, శుక్రవారం కోత.

సంగతి ఇద్దరికీ చెప్పాను. పెద్దయ్య భార్య, మేమంతా పెద్దవ్వ అని పిలిచే ఆమె, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. పెద్దయ్య నెమ్మదిగా అడిగాడు:

"కడుపు కోస్తే మళ్ల మగ్గం గుంతల కూసుంటనా సారూ? కాళ్లు గుంతల బెట్టి, పొట్ట మలుసుక కూసునే పని మాది."

ఆ ప్రశ్నకు నా దగ్గర అంకె లేదు. "ఫికర్ చెయ్యకు పెద్దయ్యా, లెక్క అబద్ధమాడదు" అన్నాను. అతడు అడిగింది ఒకటి, నేను చెప్పింది మరొకటి. ఆ తేడా నాకు ఆ వయసులో కనబడలేదు.

గురువారం హైదరాబాదు బస్సు ఎనిమిది గంటలకు. పెద్దయ్య తప్పించుకుంటాడేమోనన్న అనుమానంతో (రోగుల మీద నాకున్న సాధారణ అభిప్రాయం అది) ఐదూ యాభైకే వాళ్ల గల్లీకి వెళ్లాను. గల్లీ పొడవునా పడుగులు చాచి ఉన్నాయి. ఆ బారు దారాలకు మనుషులు అటూ ఇటూ నిలబడి కుంచెలతో గంజి పట్టిస్తున్నారు. ఎండ ఎక్కకముందే ఆ పని అయిపోవాలి, లేకుంటే పోగులు నేతలో తెగిపోతాయి. ప్రయాణానికి తెల్ల ధోతి కట్టుకుని, సంచీ చంకన పెట్టుకుని పెద్దయ్య ఒక కుండ ముందు కూర్చుని ఉన్నాడు. ఎవరో గంటెతో గంజి అందించారు. ఒక బుక్కెడు నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, నాలుకను అటూ ఇటూ తిప్పి, మింగి, "ఇంకో పొంగు రానియ్యి" అన్నాడు. లేచి పక్కింటి కుండ దగ్గరికి నడిచాడు. అక్కడా ఒక బుక్క.

నా గుండె ఒక లెక్క తప్పింది. (ఆ లెక్కా రాసుకోలేదు.)

"పెద్దయ్యా! గిదేం పని?"

"గంజి జూస్తున్న సారూ. నాలుకకు అతుక్కోవాలె, పండ్లకు అతుక్కోవద్దు. గప్పుడే పోగుకు పడుతది. గల్లీల ఎవలు పడుగు జేసినా నేనే జూడాలె."

"దినాం చూస్తవా?"

"దినాం రెండిండ్లో, మూడిండ్లో."

"మరి నా దగ్గరికి వచ్చిన దినం? ఏం తినలేదంటివి!"

పెద్దయ్య నా వైపు నిజంగా జాలిగా చూశాడు. "తినలే సారూ. గిది తినేది గాదు గద, పడుగుకు బెట్టేది."

"రుచి చూసి ఉమ్మెయ్యరాదా?"

ఆ మాటతో కుంచెలు ఆగిపోయాయి. గల్లీ అంతా నన్ను చూసింది. పెద్దవ్వ ముందుకొచ్చింది. "గంజి ఉమ్మేస్తరా సారూ? మాకు బువ్వ బెట్టే గంజిని? సదువుకున్నోళ్లు అనవలసిన మాటనా?"

అయోడిన్‌కు తినే గంజి, పడుగు గంజి అన్న తేడా తెలియదు. ఆ తేడా తెలిసిన మనిషిని నేను సరైన ప్రశ్న అడగలేదు. నడిగల్లీలో నిలబడి, జీవితంలో మొదటిసారి, చేతిలో అంకె లేకుండా ఒక నిర్ణయం చేశాను: "ఈ దినం బస్సు వద్దు."

మర్నాటి ఉదయం కుండల దగ్గరికి పెద్దయ్య పోకూడదు, ఆయన పని పెద్దవ్వ చేయాలి అన్నాను. గల్లీ ఒప్పుకోలేదు. పెద్దవ్వే నడుముకు కొంగు బిగించి, "నలభై ఏండ్ల సంది గంజి కాసింది నేను, పేరు ఈయనది. ఒక్క దినం నా నాలుక జూడుండ్రి" అంది. పెద్దయ్య రాత్రంతా నా గది గుమ్మంలోనే పడుకున్నాడు. ఆరూ నలభైకి గొట్టం వేసి, మొదటి నాళికలో చుక్క వేశాను. కాంపౌండర్ సాబ్, పెద్దవ్వ, గల్లీ నుంచి ఆమె వెంట వచ్చిన ఇద్దరు, నేను నాళిక మీదికి వంగి చూశాం. అయోడిన్ తన రంగులోనే, పసుపుపచ్చగా ఉంది. రెండు నిమిషాలైనా, ఐదు నిమిషాలైనా పసుపుపచ్చే. నీలం జాడ లేదు. "గంతేనా? కోసుడు లేదా?" అంది పెద్దవ్వ. లేదన్నాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, ఏడ్వకుండా, "పొద్దుగాల గంజి జర చిక్కగైందట. అందరు నన్ను తిట్టిండ్రు" అంది.

పెద్దయ్య కడుపులో ఆమ్లం ఎక్కువే. దానికి పాలు, ఆమ్లం తగ్గించే పొడి, కారం తగ్గించమన్న ఉపదేశం సరిపోయాయి. గుంతలో కూర్చోవడానికి ఏ అడ్డూ రాలేదు. గురువారమే తంతి (టెలిగ్రాం) కొట్టి కోత ఆపించిన నేను, ఆ సాయంత్రం పెద్ద డాక్టరుగారికి నాలుగు పేజీల తప్పును ఒక పేజీలో ఒప్పుకుంటూ ఉత్తరం రాశాను. ఆయన నుంచి ఒక కార్డు వచ్చింది. దానిపై ఒకటే వాక్యం: "పట్టికలో ఒక గడి చేర్చు." చేర్చాను. 'తెల్లవారినప్పటి నుంచి ఏ పని చేశారు?' అన్నది ఆ గడి. ఆ తర్వాత ఎన్ని ఊళ్లలో పని చేసినా, ఆ గడి నింపకుండా ఏ రోగికీ గొట్టం వేయలేదు.

నేను కరీంనగరం వదిలే రోజు పెద్దయ్య మగ్గం మీది నుంచి అప్పుడే కోసిన తువ్వాల తెచ్చి ఇచ్చాడు. ఇంకా ఉతకలేదు, గంజితో పెళపెళలాడుతోంది. "పరీక్ష జేసుకో సారూ" అన్నాడు, పండ్లు లేని చోట నవ్వు మెరుస్తుండగా. నేను గంభీరంగానే ఒక మూల చుక్క అయోడిన్ వేశాను. చిక్కటి నీలం తేలింది. పెద్దయ్య దాన్ని నాలుకతో చూసినట్టే కళ్లు మూసుకుని తలూపాడు.

ఆ తువ్వాలను నేను ఇంతవరకు ఉతకలేదు. మొన్న బీరువా సర్దుతూ విప్పి చూస్తే ఆ మూల నీలం లేదు, ఎప్పుడో వెలిసిపోయింది. అది ఏ సంవత్సరం వెలిసిందో చూద్దామని పాత పుస్తకాలన్నీ తిరగేశాను. గడియారం సరిచేసిన రోజులన్నీ ఉన్నాయి. ఇది మాత్రం ఎక్కడా రాసుకోలేదు.