అద్దె రసీదు మీద పెట్టని సంతకం

ఇన్నేళ్లలో ఈ సంగతి నేను ఎత్తిన ప్రతిసారీ మావాళ్లు మాట మార్చారు, కాఫీ తెమ్మన్నారు, ఇంకా మరిచిపోలేదా అని నవ్వారు, మరిచిపోలేదు. మొన్న, పోదనూరులో మా మేడ మీద అద్దెకుంటున్న బావమరిది కొడుకు దిగివచ్చి, కొత్త కంపెనీలో చేరాను, ఆదాయపు పన్నుకు చూపించాలి, అద్దె రసీదు కావాలని అడిగేసరికి, చేతిలో పేపరు పక్కన పెట్టేశాను.

"సుమ్మా ఒక సంతకం దా మామా. శుక్రవారం లోపల అప్‌లోడ్ చేయాల, లేకుంటే జీతంలో పట్టేస్తారు," అన్నాడు.

వట్టి సంతకమేనట.

నేను కోయంబత్తూరు మిల్లు వదిలి మదురైలో కొత్త ఉద్యోగంలో చేరిన ఏడు, తిరుమంగళంలో మా మేనమామ ఇంటి ముందు భాగంలో కాపురం పెట్టాం. నాకు పిల్లనిచ్చినవాడూ ఆయనే. ఊరికే ఉండడం ఇష్టంలేక, జీతం అందిన సాయంత్రం అద్దె డబ్బు తమలపాకులో పెట్టి ఇచ్చేవాణ్ణి, ఆయన కళ్లకద్దుకుని రొండిన దోపుకునేవాడు, అయితే ఇద్దరిలో ఎవరమూ దాన్ని అద్దె అని మాత్రం అనేవాళ్లం కాదు. మన ఈడువాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. అల్లుడి దగ్గర అద్దె పుచ్చుకుంటున్నాడని బజారులో ఒకడంటే ఆయన తలెత్తుకోలేడు, మామ ఇంట్లో ఉచితంగా ఉంటున్నాడని అంటే నేను తలెత్తుకోలేను.

కొత్త ఆఫీసులో లెక్కలు చూసే ఆయనకు ఈ మర్యాదలు పట్టవు. పాత మిల్లు ఇచ్చిన ఫారం పదహారు తీసుకున్నాడు, బీమా రసీదు తీసుకున్నాడు, అద్దె రసీదు ఏదన్నాడు, సోమవారం తేకపోతే మిగిలిన పన్నంతా మార్చి జీతంలో ఒక్కసారే కోసేస్తామన్నాడు. ఆ జీతం మీదే మా ఇంటావిడ రెండో కాన్పు ఖర్చుకు ఆశ పెట్టుకుని ఉన్నాం.

రసీదు పుస్తకం, రెవిన్యూ స్టాంపులు కొని, ఆదివారమంతా మేనమామ ఒంటరిగా దొరుకుతాడేమోనని వాకిట్లో తచ్చాడాను. ఆండిపట్టి నుంచి పత్తి బేరానికి వచ్చిన చుట్టాలు పొద్దు వాలినా కదలలేదు. ఇక లాభం లేదని వాళ్ల ముందే రసీదు ఆయన చేతికిచ్చి, పెన్ను మూత తీసి పట్టుకుని నిలబడ్డాను. ఆయన చదివాడు, మడిచాడు, నా చేతిలోనే తిరిగి పెట్టి పత్తి ధర సంగతికి వెళ్లిపోయాడు. గుమ్మంలో ఉన్న బావమరిది, ఈ కుర్రవాడి తండ్రే, అందరికీ వినబడేట్టు అడిగాడు.

"ఏమి బావా, మా ఇంట్లో నువ్వు మాప్పిళ్ళవా, వాడగకు ఉండేవాడివా? ఏదో ఒకటి చెప్పు, నాయన దానికి తగినట్టు చేస్తాడు."

అల్లుడివా, అద్దెకున్నవాడివా తేల్చుకోమని. చుట్టాలు నవ్వారు. లోపల మా ఇంటావిడ బియ్యం చెరుగుతున్న చేట చప్పుడు ఆగిపోయింది. సోమవారం ఒట్టి చేతులతో వెళ్లాను, పన్ను కోసేశారు, కాన్పుకు పాత మిల్లు స్నేహితుడి ముందు చేయి చాచాను. ఆ పై నెల డబ్బు ఇస్తే మేనమామ ఎప్పటిలాగే కళ్లకద్దుకుని రొండిన దోపుకున్నాడు. ఆయన పోయేవరకూ మా మధ్య ఆ మాట రాలేదు.

ఇప్పుడు బావమరిది కొడుకు అద్దె ఫోనులో పంపిస్తాడు, పక్కన వాడగ అని రాసి మరీ. ఆ మాట ఎవరి పరువూ తీయడం లేదు. ఇచ్చేటప్పుడు ఆ ఇబ్బంది లేదు, పుచ్చుకునేటప్పుడు ఆ కళ్లకద్దుకోవడమూ లేదు. ఇదే మంచిదేమో, నాకు మాత్రం ఆ తమలపాకే గుర్తొస్తుంది.

రసీదు రాసి, స్టాంపు అంటించి, సంతకం చోటు ఖాళీగా వదిలి బల్ల మీద పెట్టాను. పిల్లవాడి మీద కోపం లేదు. ఆ ఆదివారం నేను తచ్చాడినట్టే వాడూ తచ్చాడుతున్నాడు, మాటిమాటికీ దిగివచ్చి బల్ల వైపు చూసి పోతున్నాడు. వాడి తండ్రి ఉంటున్న తిరుమంగళం అంత దూరమేమీ కాదు. శుక్రవారం లోపల బావమరిది వచ్చి, ఈ వాకిట్లో నిలబడి, ఆనాడు తను అడిగినదానికి తనే జవాబు చెప్పాలి. చెప్పిన మరుక్షణం సంతకం పెడతాను. ఆ ఇంట్లో నేనెవరిని?