ఎండ తగలని మూట

సెల్‌ఫోన్లు మా ఇళ్ళలోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులు. కర్నూలు నుంచి కడప పోయే బస్సులో నేను మా బట్టల సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని నీడవైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. మా ఆయన ముందు సీట్లో కునుకు తీస్తున్నాడు.

నంద్యాలలో ఎక్కిన ఒక పెద్దాయన, తడితువాలు చుట్టిన మూట ఒళ్ళో పెట్టుకుని ఎండవైపు కూర్చున్నాడు. కాసేపు దానికి చెయ్యి అడ్డం పెట్టాడు. కాసేపు వీపు అడ్డం పెట్టాడు. చివరికి నన్నడిగాడు.

"అమ్మా, ఈడ ఎండ శానా ఉండాది. సీటు మార్చుకుంటావా? దీనికి ఎండ తగలగూడదు."

పసిబిడ్డేమో అనుకుని గబుక్కున లేచాను. సీటు మారాక ఆయన తువాలు కొస విప్పితే చూశాను, నల్లటి పొడి ఉన్న ప్యాకెట్!

"శనగిత్తనాలకు పట్టించే సూక్ష్మజీవులమ్మా. వేర్లకు బుడిపెలు కట్టి, దాంట్లో కాపురముంటాయి. గాలిలో నత్రజని తెచ్చి చెట్టుకు పెడతాయి. మన్నులో ఎన్నెన్నో రకాలుంటాయి గానీ, శనగతో కలిసేది ఈ రకమే. ఎండకు సచ్చిపోతాయి," అంటూ తువాలు మీద మళ్ళీ నీళ్ళు చిలకరించాడు.

కంటికి కూడా కనబడని వాటికి అంత సేవ! మైదుకూరు దాకా ఎండకు నా చెంప మండింది. అంతకంటే కడుపు మండింది. దారిలో మా ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు.

"సంచి భద్రంగా ఉండాదా?" అన్నాడు.

ఇప్పటికీ బజారులో పచ్చిశనగ కట్ట కొంటే ముందు వేర్లే చూస్తాను. బుడిపెలు కనబడితే మాత్రం, సవతిని చూసినట్టు చూస్తాను.