రెండు మెట్లు దించిన టీచరమ్మ

మా పాటల టీచరమ్మ పోయిందన్న సంగతి బుధవారం పొద్దున తెలిసింది. ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతున్నాను. పక్కింటామె గోడ మీంచి తొంగిచూసి, "అవ్వా, టీచరమ్మ తెల్లారంగ పోయిందట" అంది. చేతిలోని ఆకు చేతిలోనే ఉండిపోయింది. ఏడుపు రాలేదు. అది తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. ఎందుకో చెప్తాను. నాకు అక్షరం రాదు. నేను చెప్తుంటే మా కోడలు రాస్తోంది. ఒక్క మాట కూడా మెత్తబరచొద్దని ఆమెకు ముందే చెప్పాను.

సమాధి దగ్గర, పెట్టె ఇంకా గుంతలోకి దించకముందే, మా బోధన్ చర్చి పెద్దమనిషి మైకు పట్టుకుని ఏమన్నాడో వినండి. "టీచరమ్మ మంచిదే. కానీ ఆమె వచ్చినంక మన పాటల జోష్ తగ్గింది." పోయిన మనిషి లేచి జవాబు చెప్పదనే కదా ధైర్యం? ఆమె బదులు నేను చెప్తున్నాను.

నాది పెద్ద గొంతు. వయసులో ఉన్నప్పుడు చెరుకు కోతల్లో ఈ గట్టు మీద నేను పిలిస్తే ఆ గట్టు మీది కూలీలు పలికేవారు. చర్చిలోనూ అదే అరుపు. ఎంత గట్టిగా పాడితే అంత భక్తి అని మా లెక్క. మెడ నరాలు ఉబ్బకపోతే పాడినట్టే కాదు. అలా పాడీ పాడీ ఒక ఏడు గొంతు బొంగురుపోయింది. పాలల్లో పసుపు, మిరియాలు వేసుకుని తాగాను, పచ్చి గుడ్లు మింగాను. చివరికి నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ దగ్గర ఒక డాక్టరు గొంతులోకి సన్న గొట్టం పెట్టి చూశాడు. అరిచి అరిచి లోపల కాయలు కాశాయన్నాడు. కొన్నాళ్లు మాట్లాడొద్దన్నాడు, మళ్లీ పాడాలంటే పాడే పద్ధతే మార్చుకోవాలన్నాడు. నన్ను మాట్లాడొద్దనడం! మా ఇంట్లో అందరికీ అది పండగ.

బడి నుంచి రిటైరై చర్చి పాటలు నేర్పుతున్న టీచరమ్మ ఆ సంగతి విని మా అరుగు మీదికి వచ్చింది. కాసేపు నేను బీడీలు చుట్టడం చూసి, "అక్కా, ఎల్లెల్కల పండుకో" అంది. వెల్లకిలా పడుకున్నాను. నా చేటే తీసి, ఆకులతో తంబాకుతో సహా, నా కడుపు మీద పెట్టింది.

"ఇప్పుడు ఊపిరి పీల్చు. చేట లేవాలె."

రొమ్ము నిండా పీల్చాను. భుజాలు లేచాయి గాని చేట కదల్లేదు. రెండోసారి బలమంతా పెట్టి కడుపు ఎగరేశాను. తంబాకంతా మెడ మీద పడింది. నాకు తుమ్ములే తుమ్ములు, పక్కింటామెకు నవ్వే నవ్వు.

"పొద్దంత వంగి కూసుంటవు, నీ ఊపిరి సుత వంగిపోయింది. తొందరేం లేదు, రేపు మళ్ల లేపుదాం" అంది టీచరమ్మ.

మర్నాడు పెదవుల పాఠం. "బండి మనిషి ఎడ్లను ఆపేటప్పుడు పెదవులు బుర్రుమనిపిస్తడు గద? గట్ల అనుకుంట రాగం తియ్యి."

"మా ముసలోడు బతికుంటే నన్ను కొట్టంల కట్టేస్తుండె, టీచరమ్మా!"

నవ్వింది గాని వదల్లేదు. పాఠానికి ముందు తన స్టీలు సీసాలోంచి గోరువెచ్చని నీళ్లు రెండు గుక్కలు తాగించేది. నా చెయ్యి మెడ మీదికి పోయిందంటే ఆ రోజుకు పాఠం బంద్. "గొంతును పిండకు, అక్కా. ఊపిరిని పంపు, పాట దాని ఎంబడే వస్తది" అనేది. పసుపు మాట ఎత్తితే, "అది కూరల ఎయ్యి" అనేది.

నెలలు పట్టింది. గొంతు వచ్చింది. ప్రార్థన వల్ల వచ్చిందని చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. "ప్రార్థన చేసిన. చేట సుత మోసిన" అన్నాను. మొహాలు మాడాయి.

తర్వాత ఆమె కీబోర్డు వాయించేవాడితో పాట శ్రుతిని రెండు మెట్లు దించమంది, ఆడవాళ్ల గొంతులు చీరుకుపోతున్నాయని. ఇదే పెద్దమనిషి లేచాడు. "గంత కిందికి పాడితె దేవునికి వినపడతదా?"

"దేవునికి చెవుడా, పెద్దయ్యా?" అంది టీచరమ్మ.

ఆ మరుసటి ఆదివారం నుంచి ఆమెను రావద్దన్నారు. పోట్లాడలేదామె. అరుగు మీద మా బీడీల ఆడవాళ్లకు నేర్పుకుంటూ ఉండిపోయింది. అప్పుడు చర్చిలో నేనూ నోరు మూసుకున్నాను. ఇంత పెద్ద గొంతు పెట్టుకుని! నా కోపంలో సగం నా మీదే.

ఇప్పుడు సమాధి దగ్గరి మాటకు వస్తాను. పెద్దమనిషి జట్టు పాత ఎత్తులోనే పాట మొదలుపెట్టింది. రెండో చరణానికే గొంతులు పగిలాయి. కీబోర్డు ఒక్కటే మోగుతోంది.

"మైకు బంజెయ్" అన్నాను పెద్దమనిషితో.

"అవ్వా, నువ్వు పక్కకు నిలవడు."

నిలబడ్డాను. పక్కకు కాదు, పెట్టె తలాపున. రెండు మెట్లు కిందికి ఎత్తుకున్నాను. ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్లు అరచేతులు కడుపు మీద పెట్టుకున్నారు. రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు వాడు ఇంజను ఆపి విన్నాడు. ఆఖరి చరణం దాకా ఒక్కరూ దగ్గలేదు. జోష్ తగ్గిందో లేదో ఆ ట్రాక్టరు వాణ్ణి అడగండి.

వచ్చే ఆదివారం చర్చిలో కూడా పాట ఆ ఎత్తు నుంచే మొదలవ్వాలి. కాదంటే మేము చర్చి బయట కూర్చుని పాడుకుంటాం.

సమాధి చేసిన మర్నాడు పొద్దున, పనికి కూర్చునే ముందు, అరుగు మీద పడుకుని చేట కడుపు మీద పెట్టుకున్నాను. ఏడుపు అప్పుడు వచ్చింది. ఆకులు గలగల వణికాయి. తొందరేం లేదనుకుని ఊపిరి పీల్చాను. చేట మెల్లగా లేచింది.