జొన్నపిండి ముద్దలో మిగిలిన సందు

కొత్తకోటలో హైవే పక్కన సైలెన్సర్లు అతికే మా ఉస్తాద్ పోయాడని పోయిన నెల ఒకనాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది. చేసింది ఆయన కొడుకు. "నిద్రలనే పోయిండు మామా. నువ్వు పరేషాన్ గాకు, అత్తమ్మను తీస్కొని నిమ్మళంగ రా" అన్నాడు. తండ్రి పోయినవాడు నన్ను ఓదార్చడమేమిటో. ఆ ఇంటి పద్ధతే అంత.

మా ఆవిడ రొట్టెల పిండి పిసుకుతోంది. చెప్పాను. చేతులు పిండిలోనే ఆగిపోయాయి. "మన బండిలనే పోదాం" అంది.

ఆ మాటలో ఏముందో మీకు చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. వెనక్కి పోవడం నాకు అలవాటే. ముందుకు పోవడమే ఈ మధ్య కష్టమవుతోంది.

మాది కోడేరు. పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుకున్నంతే నా చదువు. అందుకే ఏ విషయమూ మొదటి నుంచి చివరిదాకా తెలియదు, సగంలో చిరిగిపోయి ఉంటుంది. మా ఆవిడకు అయిజలో ఒక్కతే చెల్లెలు. చూపు పోయింది, ఇల్లు కదలదు. ప్రతి అమావాస్య ముందు మా ఆవిడ అక్కడికి పోవాలి. ఇద్దరూ మంచం మీద చేతులు పట్టుకుని కూర్చుని, చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో ఎవరింట్లో ఏ బర్రె ఉండేదో, అది ఏ పూట తన్నేదో చెప్పుకుంటారు. వాళ్ల లోకంలో ఆ బర్రెలింకా పాలిస్తూనే ఉన్నాయి.

కల్లంలో జారిపడ్డప్పటి నుంచి మా ఆవిడ కుడి మోకాలు వంగదు. బస్సెక్కలేదు, ఆటోలో పట్టదు, కొత్త కార్లలో కాలు ఎటు పెట్టాలో తెలియదు. కాలు బారజాపుకుని కూర్చునే చోటు ఒక్కటే ఉంది. మా పాత అంబాసిడర్ వెనక సీటు. ఆ సీటు మీద ఆమె కిటికీకి తల ఆనించుకుని కృష్ణ బ్రిడ్జి దాటుతుంటే, పల్లకి పోతున్నట్టు ఉండేది. చలికాలం పొద్దున నదీ లేదు, బ్రిడ్జీ లేదు, అంతా తెల్లటి పొగమంచు. ఆ తెలుపులో మేము కదులుతున్నామో, ఆగి ఉన్నామో తెలిసేది కాదు.

అట్లాంటి బండి ఇంజిన్ ఒకనాడు పూర్తిగా చేతులెత్తేసింది. సామాను దొరకదన్నారు, తుక్కుకు వేయమన్నారు. ఆ అమావాస్య గడిచింది, మరో అమావాస్యా గడిచింది. ఫోన్లో అక్కాచెల్లెళ్లు ఎక్కువ మాట్లాడేవారు కాదు. చేతులు పట్టుకోనిదే వాళ్లకు మాట రాదు.

అప్పుడు బండిని లాక్కుపోయి ఉస్తాద్ షెడ్డు ముందు నిలబెట్టాను.

ఆయన వయసులో ఉన్నప్పుడు కూలికి పుణె పోయి, అక్కడ వెల్డింగ్ పట్టుకుని వచ్చినవాడు. వెనక సీట్లో ఉన్న మా ఆవిడను చూసీచూడగానే "చెల్లె" అన్నాడు. దాంతో నేను బావనయ్యాను. ఆ వరస కలిశాక ఇక నన్ను మనిషిగా చూడలేదు.

ఆ షెడ్డు మీరు చూసి ఉండాల్సింది. ఏ పైపు వంచాలన్నా ముందు బట్టలారేసే తీగను ఆ దారిలో వంచి చూసేవాడు. పని అయ్యాక ఆ తీగను పారేయకుండా పైన వాసానికి తగిలించేవాడు. హైవే మీద లారీ పోయినప్పుడల్లా అవన్నీ మెల్లగా ఊగేవి. ఎప్పుడో ఎటో పోయిన బండ్ల పొగలన్నీ అక్కడికి తిరిగొచ్చి వేలాడుతున్నట్టు అనిపించేది. అట్లా పైకి చూస్తూ టీ సాసర్‌లో పోసుకుని చల్లార్చుకునేవాడు.

తుక్కులో పడ్డ ఒక వ్యాను నుంచి ఇంజిన్ తెచ్చాడు. కూర్చుంది. గేరుబాక్సూ కలిసింది. చిక్కు పొగ దగ్గర వచ్చింది. పాత ఇంజిన్ ఎడమ పక్క పొగ వదిలేది. కొత్తది కుడి పక్క వదులుతుంది. కుడి పక్కే స్టీరింగ్ రాడ్డు దిగుతుంది. ఇంజిన్ నుంచి నాలుగు పైపులు వచ్చి కిందికి ఒక్కటవుతాయి. దాన్ని ఉస్తాద్ "చెయ్యి" అనేవాడు. ఆ చేతి చివరి వేలు సరిగ్గా రాడ్డు మీదికి పోతోంది.

"సుత్తెతోని జర నొక్కితే అయిపాయె గద" అన్నాను.

"నీ గొంతు గట్లనే నొక్కి మాట్లాడుమంటే మాట్లాడుతవా బావా?" అన్నాడు. "అయినా నువ్వు మాట్లాడుతవ్‌లే. ఇంజిన్ మాట్లాడదు."

పైపును వంపు మార్చి అతికాడు. రాడ్డుకూ పైపుకూ మధ్య సందు ఎంతో చూడాలి. అక్కడ కన్ను పోదు, వేలు దూరదు. పక్క ధాబాలో పరోటాల మైదాపిండి ముద్ద తెప్పించి సందులో కూరాడు. ఇంజిన్ స్టార్ట్ చేయించి, ఆపించి, ముద్ద తీసి చూశాడు. దళసరిగానే ఉంది. "పో, చెల్లెను తీస్కపో" అన్నాడు.

కొత్తకోట దాటి ఎత్తు ఎక్కుతుంటే టక్కుమంది. రెండో గేరులో మళ్లీ టక్కుమంది. స్టీరింగ్ నా చేతిలో వణికింది. కాలుతున్న ఇనుము స్టీరింగును కొడుతుంటే నదిమీదికి పోయే ధైర్యం నాకు లేదు. వెనక్కి తిప్పాను. వెనక సీట్లో మా ఆవిడ చెల్లెలి కోసం మూటగట్టిన మొక్కజొన్న కంకులను ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది, అంతే.

ఉస్తాద్ ముఖం చిన్నబోయింది. "ముద్దల సందు మస్తుండె గద. ఏడ తప్పినట్టు?"

మా ఆవిడ కారు దిగలేదు. తలుపు తీసి, చెయ్యి చాచి, "ఆ ముద్ద ఇటియ్యన్నా" అంది. నొక్కింది. వదిలింది. ముద్ద మెల్లగా ఉబ్బి వెనక్కి వచ్చింది.

"ఇది మైదాపిండి. నొక్కితే నొక్కిచ్చుకుంటది, వదిలితే మళ్ల లేస్తది. లోపల పైపొచ్చి గుద్దినా నీకెట్ల చెప్తది? జొన్నపిండి పెట్టు. దాని మీద ఏలు పడితే ఆ గుంత గట్లనే ఉంటది. అబద్ధం ఆడతందుకు దానికి రాదు."

ఉస్తాద్ ఆమెనూ, ముద్దనూ చూశాడు. తరువాత నా వైపు తిరిగి, "ఇంట్ల ఇంత మేస్త్రిని పెట్టుకొని నా దగ్గరికొచ్చినవేంది బావా" అన్నాడు.

షెడ్డు వెనక ఇంట్లోంచి ఆయన భార్య ఉడుకునీళ్లతో జొన్నపిండి పిసికి తెచ్చింది. ఈసారి ఊరికే స్టార్ట్ చేయించలేదు. నన్ను బ్రేకు గట్టిగా తొక్కి, గేరు వేసి, క్లచ్ కొంచెం కొంచెం వదలమన్నాడు. బండి కదలలేదు కానీ ఇంజిన్ లాగడానికి చూసి కుడి పక్కకు ఒరిగింది. "నిలవడ్డప్పుడు అందరు మంచిగనే ఉంటరు. బరువు గుంజినప్పుడు ఎటు ఒరుగుతరో చూడాలె" అన్నాడు. ముద్ద తీస్తే నడుమ కాగితమంత పొర కూడా లేదు. అవతలి వెలుగు కనపడింది.

పైపు కోశాడు. తర్బూజా ముక్కల్లా చిన్న చిన్న కత్తిరింపులు కలిపి కొత్త వంపు తెచ్చాడు. ముద్ద పెట్టాడు, చూశాడు, మళ్లీ కోశాడు. ఇంకొంచెం అనేవాడు తనలో తనే. "రెండు ఇనుములు పక్కపక్కన బతకాలంటే నడుమ జర గాలి ఉండాలె చెల్లె. గాలే వాటికి సంసారం." ఆయన మాటల్లో సగం నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడూ పూర్తిగా అయిందని చెప్పను.

చివరిసారి ముద్ద పెట్టి మాటల్లో పడి మరిచిపోయాం. ఇంజిన్ నడుస్తూనే ఉంది. ఉన్నట్టుండి షెడ్డంతా జొన్నరొట్టె వాసన. ధాబాలో కూర్చున్న లారీ డ్రైవర్లు తలలు తిప్పి చూశారు. బానెట్ లేపితే ముద్ద ఒక పక్క కాలి ఎర్రగా అయింది. ఉస్తాద్ గుడ్డతో పట్టుకుని బయటికి తీశాడు. ఒక పక్క పైపు గుంత, ఒక పక్క రాడ్డు గుంత, నడుమ నిండుగా దళసరి. మా ఆవిడ చేతిలో పెట్టి, "ఇగో చెల్లె, నీ తొవ్వ" అన్నాడు.

ఆనాడే అయిజకు పోయాం. ఎత్తు మీద ఏ చప్పుడూ రాలేదు. ఆ ముద్ద ఎండి రాయిలా అయి, అప్పటి నుంచి డాష్‌బోర్డ్ పెట్టెలోనే ఉంది.

ఉస్తాద్‌ను ఆఖరిసారి చూడటానికి ఆ బండిలోనే పోయాం. షెడ్డు ముందు ఆపాను. ఆపిన తరువాత కూడా చల్లారుతున్న పైపు టిక్, టిక్ అంటూ కొంతసేపు పలికింది. లోపల తీగలు ఊగుతున్నాయి. వాటిలో మా తీగ ఏదో నేను గుర్తుపట్టలేకపోయాను. మా ఆవిడ గుర్తుపట్టింది.

ఆ కార్యాలన్నీ అయ్యాక, ఈ అమావాస్య ముందు అయిజకు పోయాం. ఈసారి మా ఆవిడ బర్రెల ముచ్చట ఎత్తలేదు. డాష్‌బోర్డ్ పెట్టెలోంచి కొంగులో కట్టుకొచ్చిన ఆ ముద్ద తీసి చెల్లెలి చేతిలో పెట్టింది.

"ఇదేందక్కా?"

"ఉస్తాదన్న ఇడిసిపెట్టిన సందు. మీద మీద కాదు, గుంతల చూడు."

చూపు లేని ఆమె రెండు పక్కలా తడిమింది. పైపు గుంతలో బొటనవేలు సరిగ్గా కూర్చుంది. ఇక తీయలేదు. మధ్యాహ్నపు ఎండ మంచం కోళ్ల మీదుగా జరిగి గోడెక్కేదాకా, ఆ వేలు అందులోనే ఉంది.